మూగజీవాలకు ఇన్సులిన్.. సిరంజి మూత చూశాకే సూది

సికింద్రాబాద్: ఇంట్లో తాతయ్యకో, నాయనమ్మకో చక్కెర వ్యాధి ఉందంటే ఈ రోజుల్లో ఎవరూ ఆశ్చర్యపోరు. ఆ ఇంటి గుమ్మంలో పడుకుని ఉండే కుక్కకూ అదే జబ్బు సోకిందని, దానికీ రెండు పూటలా ఇన్సులిన్ వేయాలని పశువైద్యుడు చెప్పినప్పుడు మాత్రం చాలామంది తెల్లబోతారు. రోజూ సూది ఎవరు వేస్తారు, కరిస్తే ఎలా, ఎంతకాలం వేయాలి అన్న ప్రశ్నలు ఒక్కసారిగా ముంచుకొస్తాయి. మారేడ్‌పల్లి, పద్మారావునగర్, తార్నాక, సైనిక్‌పురి వంటి ప్రాంతాల్లో కుక్కనో పిల్లినో కుటుంబ సభ్యుల్లో ఒకరిగా పెంచుకునే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. వయసు మీరిన ఆ జీవాలకు ఈ వ్యాధి వస్తే వైద్యం జరిగేది ఆసుపత్రిలో కాదు, ఇంట్లోనే.

ఊరట కలిగించే సంగతి ఏమిటంటే, మనుషుల కోసం మందుల దుకాణంలో అమ్మే ఇన్సులిన్‌తోనే వీటికీ చాలావరకు చికిత్స సాగుతుంది. ప్రమాదం పొంచి ఉన్నదీ సరిగ్గా అక్కడే. పెద్దాయనకు వాడే సిరంజి వేరు, కుక్కకు రాసిన ఇన్సులిన్ గాఢత వేరు అయినప్పుడు జరిగే పొరపాటు ప్రాణం మీదికి తెస్తుంది.

నీళ్ల గిన్నె చెప్పే కబురు

వ్యాధిని మొదట పట్టిచ్చేది నీళ్ల గిన్నె. పొద్దున నింపిన గిన్నె మధ్యాహ్నానికే ఖాళీ అవుతుంది. ఏళ్ల తరబడి ఇంట్లో తడి చేయని కుక్క రాత్రివేళ హాలులోనే మూత్రం పోస్తుంది. క్రమశిక్షణ తప్పిందని దాన్ని కొట్టేవారూ ఉన్నారు. నిజానికి రక్తంలో చక్కెర హద్దు మీరినప్పుడు మూత్రపిండాలు దాన్ని ఆపలేక బయటకు వదులుతాయి. చక్కెర తనతో పాటు నీటినీ లాక్కుపోతుంది. కుక్కల్లో ఆ హద్దు డెసిలీటరుకు సుమారు 180 మిల్లీగ్రాములు, పిల్లుల్లో అంతకంటే ఎక్కువ. మూత్రం పోసిన చోట చీమలు చేరితే అనుమానించవలసిందే. మధుమేహం అన్న పేరు పుట్టిందే మూత్రంలోని ఆ తీపి నుంచి.

ఆకలి పెరిగినా ఒళ్లు తగ్గడం మరో లక్షణం. కుక్కల్లో కళ్లకు శుక్లాలు త్వరగా వస్తాయి. కొన్ని నెలల వ్యవధిలోనే చూపు పోయిన కుక్కలు అనేకం. వయసు వల్ల వచ్చిన పొర అనుకుని ఊరుకుంటే అసలు జబ్బు దాగిపోతుంది. పిల్లుల్లో మరో విచిత్రం కనిపిస్తుంది. నరాలు దెబ్బతిని వెనుక కాళ్ల మడమలు నేలకు ఆనించి నడుస్తాయి.

రెండింటి వ్యాధీ ఒకే తీరు కాదు. కుక్కల్లో క్లోమగ్రంథి ఇన్సులిన్‌ను తయారుచేయడమే దాదాపుగా మానేస్తుంది. అందువల్ల జీవితాంతం సూది తప్పదు. మాత్రలతో నెట్టుకురావడం కుదరదు. ఇంట్లో ఉన్న మెట్‌ఫార్మిన్ మాత్రను సగం విరిచి పెరుగన్నంలో కలిపి పెట్టడం వల్ల విలువైన రోజులు వృథా కావడం తప్ప ఒరిగేదేమీ ఉండదు. పిల్లుల వ్యాధి మనుషుల్లో వచ్చే రెండో రకం మధుమేహానికి దగ్గరగా ఉంటుంది. స్థూలకాయం, దురదకో ఉబ్బసానికో దీర్ఘకాలం వాడిన స్టెరాయిడ్లు దానికి దోహదం చేస్తాయి.

ఆడకుక్కల విషయంలో ఒక సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఎద ముగిసిన తరువాత సుమారు రెండు నెలల పాటు వాటి శరీరంలో ప్రొజెస్టిరాన్ హార్మోన్ అధికంగా ఉంటుంది. అది ఇన్సులిన్ పనిని అడ్డుకుంటుంది. పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేయించని కుక్కలు మన ఇళ్లలో చాలా ఉన్నాయి కనుక ఈ కారణాన్ని తేలిగ్గా తీసుకోరాదు. గర్భాశయం, అండాశయాలు తొలగించే శస్త్రచికిత్స అటువంటి కుక్కకు మధుమేహ వైద్యంలో భాగమే. అది చేయించకుండా మోతాదు ఎంత పెంచినా అదుపు దొరకదు.

కుక్కలకు మనిషి తీర్చుకుంటున్న రుణం

ఈ మందు మనిషికి దక్కిందే కుక్కల వల్ల. 1889లో స్ట్రాస్‌బర్గ్‌లో మింకోవ్‌స్కీ, ఫాన్ మెరింగ్ అనే వైద్యులు ఒక కుక్క క్లోమగ్రంథిని తొలగించగా దానికి మధుమేహం వచ్చింది. జబ్బు మూలం ఎక్కడుందో అప్పుడు తేలింది. అదే కాలంలో, 1888, 1889 సంవత్సరాల్లో, మన హైదరాబాద్‌లో నిజాం సర్కారు ఖర్చుతో జరిగిన క్లోరోఫాం కమిషన్ పరీక్షలకూ వందలాది కుక్కలే బలయ్యాయి. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ ఇన్సులిన్‌ను వేరుచేసి తొలుత పరీక్షించినదీ కుక్కలపైనే. 1922 జనవరిలో అది మనిషికి అందింది. మరో విశేషం: కుక్క ఇన్సులిన్, పంది ఇన్సులిన్ నిర్మాణంలో అచ్చంగా ఒక్కటే. మనిషి ఇన్సులిన్‌కు వాటితో ఒక్క అమైనో ఆమ్లం మాత్రమే తేడా. మనుషుల మందు కుక్కకు పనిచేయడం వెనుక రహస్యం ఇదే.

ఎర్ర మూత.. నారింజ మూత

మన దేశంలో సీసాల్లో దొరికే హ్యూమన్ ఇన్సులిన్ చాలావరకు మిల్లీలీటరుకు 40 యూనిట్ల గాఢతతో వస్తుంది. దానికి ఎర్ర మూత సిరంజి వాడాలి. పెన్నుల్లో వేసే గొట్టాలు, గ్లార్జిన్ వంటి కొన్ని కొత్త రకాల ఇన్సులిన్లు మిల్లీలీటరుకు 100 యూనిట్ల గాఢతతో ఉంటాయి. వాటికి నారింజ మూత సిరంజి. రెండు సిరంజిల మీదా గీతలు, అంకెలు ఉంటాయి. చూపు మందగించిన వారికి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

పన్నెండు కిలోల కుక్కకు వైద్యుడు అయిదు యూనిట్లు రాశారనుకుందాం. 100 గాఢత ఉన్న మందును ఎర్ర మూత సిరంజిలో అయిదో గీత వరకు లాగితే లోపలికి వెళ్లేది అయిదు కాదు, పన్నెండున్నర యూనిట్లు. రెండున్నర రెట్లు. కొన్ని గంటల్లో కుక్క మూర్ఛపోవడానికి ఇది చాలు. తారుమారుగా, 40 గాఢత మందును నారింజ మూత సిరంజిలో అయిదో గీత వరకు తీస్తే అందేది రెండు యూనిట్లే. అప్పుడు వెంటనే ప్రమాదం కనిపించదు. మందు పనిచేయడం లేదని మోతాదు పెంచుకుంటూ పోతారు. ఒకనాడు దుకాణంలో సరైన సిరంజి ఇస్తారు. పెంచిన మోతాదు పూర్తిగా ఒంట్లోకి వెళ్లేది ఆ రోజే.

పిల్లికైతే గీత గీతకూ లెక్క ఉంటుంది. దానికి తొలి మోతాదు తరచుగా ఒక యూనిట్ మాత్రమే ఉంటుంది. ఎర్ర మూత సిరంజిలో అది ఒక్క గీత. ఒక గీత ఎక్కువైతే మోతాదు రెట్టింపైనట్లే. లెక్కలు కట్టి ఒక సిరంజి బదులు మరొకటి వాడే ప్రయత్నం ఇంట్లో చేయకూడదు. సీసా మీద ఉన్న అంకె, సిరంజి మీద ఉన్న అంకె ఒకటేనా అని ప్రతి కొత్త ప్యాకెట్ కొన్నప్పుడూ చూసుకోవాలి. పెద్దవారి సిరంజిలు, కుక్క సిరంజిలు వేర్వేరు డబ్బాల్లో ఉంచి పేరు రాసి పెట్టుకోవడం చిన్న పనే కానీ చాలా మేలు చేస్తుంది.

సూది వేసే తీరు

ముందు తిండి, తరువాతే సూది. జంతువు ఎప్పటిలా తిన్నదని నిర్ధారించుకున్నాక ఇన్సులిన్ ఇవ్వాలి. రెండు మోతాదుల మధ్య పన్నెండు గంటల వ్యవధి ఉండాలి. ఉదయం ఏడుకు, రాత్రి ఏడుకు అని పెట్టుకుంటే ఉద్యోగాలకు వెళ్లే ఇళ్లలోనూ వీలు కుదురుతుంది.

పాలవలె తెల్లగా ఉండే ఎన్‌పీహెచ్ రకం సీసాను గట్టిగా ఊపకుండా అరచేతుల మధ్య మెల్లగా దొర్లించాలి. అడుగున పేరుకున్న మందు సమంగా కలిసిన తరువాతే సిరంజిలోకి తీయాలి. గాలి బుడగలు ఉంటే సిరంజిని వేలితో తట్టి పైకి పంపేయాలి. డొక్క పక్కనో, భుజాల వెనుకనో వదులుగా ఉన్న చర్మాన్ని రెండు వేళ్లతో ఎత్తితే గుడారంలా లేస్తుంది. దాని అడుగు భాగంలో సూది గుచ్చి మందు ఎక్కించాలి. బొచ్చు ఎక్కువగా ఉన్న కుక్కల్లో సూది చర్మం దాటి అవతలికి వచ్చి మందు బొచ్చులోకి పోవడం కద్దు. చేతికి తడి తగిలితే అనుమానం వస్తుంది. అటువంటప్పుడు మళ్లీ సూది వేయకూడదు. ఎంత లోపలికి వెళ్లిందో తెలియదు కనుక ఆ పూటకు వదిలేయాలి. ఒక పూట మందు తగ్గితే చక్కెర కాస్త పెరుగుతుంది. రెండింతలు పడితే ప్రాణం పోవచ్చు. రోజూ ఒకే చోట గుచ్చితే అక్కడ చర్మం గట్టిపడుతుంది కాబట్టి చోటు మారుస్తుండాలి.

భయపడేది సాధారణంగా జంతువు కాదు, మనిషే. సూది వెంట్రుకంత సన్నం. తింటున్న గిన్నె వైపు దృష్టి ఉంటే చాలా కుక్కలు గమనించను కూడా గమనించవు.

ఉస్మానియా బిస్కెట్టు బంద్

సాయంత్రం చాయ్ తాగుతూ ఉస్మానియా బిస్కెట్టులో సగం కుక్కకు విసరడం ఇక్కడి ఇళ్లలో మామూలే. మధుమేహం ఉన్న కుక్కకు ఆ ముచ్చట మానిపించాలి. పాలు, తెల్లన్నం నిండుగా పెట్టే అలవాటునూ తగ్గించాలి. ఏమి పెట్టాలన్నదాని కంటే రోజూ ఒకే రకం, ఒకే పరిమాణం, ఒకే వేళకు పెట్టడం ముఖ్యం. మోతాదు లెక్క కట్టేది ఆ తిండిని బట్టే. పిల్లికి మాంసకృత్తులు ఎక్కువగా, పిండిపదార్థం తక్కువగా ఉన్న ఆహారం మేలు.

చక్కెర లేని తీపి పదార్థం కదా అని షుగర్‌ఫ్రీ మిఠాయి, చూయింగ్ గమ్ పెట్టడం మరింత ప్రమాదం. వాటిలో కొన్నింటిలో ఉండే జైలిటాల్ మనిషికి హాని చేయదు కానీ కుక్కకు విషం. దాని రక్తంలో చక్కెరను అమాంతం పడగొట్టి కాలేయాన్నీ దెబ్బతీస్తుంది.

బోనాల వేళ, పండుగలప్పుడు వచ్చిన చుట్టాలు తలా ఒక ముద్ద పెడతారు. వారికి ముందుగానే చెప్పి ఉంచాలి. దీపావళి నాటి చిక్కు వేరు. టపాసుల మోతకు బెదిరి మంచం కింద దూరిన కుక్క రాత్రి తిండి ముట్టదు. తినలేదు కదా అని తెలిసీ అలవాటు చొప్పున పూర్తి మోతాదు వేస్తే అర్ధరాత్రికి చక్కెర పడిపోతుంది. ఆ పూట ఏం చేయాలో పండుగకు ముందే పశువైద్యుణ్ని అడిగి రాసిపెట్టుకోవడం ఉత్తమం.

చక్కెర పడిపోతే

అడుగులు తడబడటం, వణుకు, పిలిచినా పలకకుండా శూన్యంలోకి చూడటం, చివరకు మూర్ఛ. సూది వేసిన కొన్ని గంటలకు ఇవి కనిపిస్తే చక్కెర పడిపోయిందనే భావించాలి. తేనె, లేదా నీటిలో ముద్దగా కలిపిన గ్లూకోజ్ పొడిని చిగుళ్లకు రుద్దాలి. స్పృహ లేని జంతువు నోట్లో నీళ్లు పోయరాదు, అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తేరుకుని మింగగలిగితే తిండి పెట్టి, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. సికింద్రాబాద్ వాసులకు భోయిగూడలోని పశువైద్య కళాశాల ఆసుపత్రి, నారాయణగూడలోని ప్రభుత్వ పశువైద్యశాల తెలిసినవే. రాత్రివేళ తెరిచి ఉండే వైద్యశాల ఏదో, దాని ఫోను నంబరేమిటో అవసరం పడకముందే ఫ్రిజ్ తలుపు మీద అతికించి ఉంచుకోవాలి.

దీనికి విరుద్ధమైన ప్రమాదమూ ఉంది. ఇన్సులిన్ చాలక శరీరం కొవ్వును కరిగించుకుంటూ పోతే రక్తంలో కీటోన్లు పేరుకుంటాయి. వాంతులు, తిండి మానేయడం, నీరసం, నోటి నుంచి మాగిన పండు వంటి వాసన దాని గుర్తులు. ఇంటి వైద్యంతో ఇది తగ్గదు. సెలైన్ ఎక్కించవలసి ఉంటుంది.

మే నెల ఎండ, కరెంటు కోత

ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఫ్రిజ్ తలుపు అర దానికి అనువైన చోటు. గడ్డకట్టించే పై అరలో పెడితే మందు చెడిపోతుంది, కరిగినా మళ్లీ పనికిరాదు. నలభై డిగ్రీలు దాటే మే నెలలో కారులో వదిలిన సీసా సంగతీ అంతే. గంటల తరబడి కరెంటు పోతే పాతకాలపు ఉపాయం ఇప్పటికీ పనిచేస్తుంది. పెద్ద మట్టికుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న కుండ అమర్చి సీసాను దానిలో ఉంచితే బయటి కంటే చల్లగా ఉంటుంది.

మోతాదు సరిపోతోందో లేదో తేల్చడానికి చక్కెర పరీక్ష తప్పదు. ఇక్కడ పిల్లితో ఒక తంటా ఉంది. బుట్టలో పెట్టి ఆటోలో ఆసుపత్రికి తీసుకువచ్చేసరికే భయంతో దాని చక్కెర అమాంతం పెరిగిపోతుంది. జబ్బు లేని పిల్లికీ అలాగే జరుగుతుంది. అందువల్ల ఇంట్లో, చెవి అంచున చిన్న చుక్క రక్తం తీసి చూసిన అంకెకే విలువ ఎక్కువ. మనుషుల గ్లూకోమీటరు జంతువుల రక్తంలో అసలు కంటే కాస్త తక్కువ చూపడం సాధారణం. ఏ మీటరు వాడుతున్నారో వైద్యునికి చెప్పాలి. రెండు మూడు వారాల సగటును తెలిపే ఫ్రక్టోసమైన్ పరీక్ష కూడా ఉంది. ఒక్క అంకె చూసి ఇంట్లోవారే మోతాదు మార్చడం మాత్రం తగదు.

వాడిన సూదులను చెత్తబుట్టలో విడిగా పారేస్తే గుచ్చుకునేది పారిశుద్ధ్య కార్మికుల చేతులకే. మందపాటి ప్లాస్టిక్ సీసాలో వేసి, నిండాక మూత బిగించి, మందుల దుకాణంలోనో ఆసుపత్రిలోనో అప్పగించాలి.

పిల్లుల కోసం సూది లేని మందులూ వచ్చాయి. నోటి ద్వారా ఇచ్చే బెక్సాగ్లిఫ్లోజిన్‌కు 2022లో, వెలాగ్లిఫ్లోజిన్‌కు 2023లో అమెరికా అనుమతి ఇచ్చింది. అయితే అవి అప్పటికే ఇన్సులిన్ మీద ఉన్న పిల్లులకు కాదు, కుక్కలకు అసలే కాదు. ఇన్సులిన్‌నే త్వరగా మొదలుపెట్టి, తిండి మార్చి, బరువు తగ్గించిన పిల్లుల్లో కొన్నింటికి కొన్ని నెలల తరువాత సూది అవసరమే లేకుండా పోతుంది. అలా ఆపగలిగిన పిల్లికి కూడా నీళ్ల గిన్నె మీద ఒక కన్ను వేసి ఉంచి, వైద్యుడు చెప్పిన వ్యవధికి చక్కెర చూపిస్తూ ఉండాలి. జబ్బు తిరిగి వచ్చిన సందర్భాలూ ఉన్నాయి.