నేల కదలిన వేళ

2020వ సంవత్సరము జనవరి 26వ తేదీ తెల్లవారుజామున, సుమారు రెండున్నర గంటల వేళ, పులిచింతల ప్రాంతమున భూమి కంపించెను. దాని తీవ్రత సుమారు 4.6. కృష్ణానదికి ఇరువైపుల నున్న గ్రామముల ప్రజలు నిద్రనుండి త్రుళ్ళిపడి లేచి వీధులలోనికి పరుగెత్తిరి. దాచేపల్లి ఆ నదీతీర సీమలోనిదే.

ఆ పరుగు సహజమే. పలనాటిలో నాపరాతికి కొదువ లేదు. పాత యిండ్ల గోడలు, కప్పులు పెక్కు రాతివే. వేసవిలో చల్లదన మిచ్చు ఆ రాయి, నేల కదలినపుడు తలమీది బరువగును. 1993 సెప్టెంబరు 30న మహారాష్ట్రములోని లాతూరు సీమలో వేలకొలది జనులు మరణించుటకు రాతిగోడలు కూలుటయే ముఖ్యకారణము.

అయినను పరుగెల్లవేళల మేలు చేయదు. కుదుపు సాధారణముగా కొన్ని క్షణములలో ముగియును. మేడమీదివాడు మెట్లు దిగుటకు అంతకంటె నెక్కువ కాలము పట్టును. పిట్టగోడలు, పెంకులు రాలిపడునది సరిగా గుమ్మము ముందరనే! కావున గట్టి బల్లక్రిందికి దూరి, తల దాచుకొని, దాని కోడును విడువక పట్టుకొనవలెను. బడిలో బెంచీయే బల్ల. ఏదియు లేనిచో కిటికీలకు, బీరువాలకు దూరముగా లోపలిగోడ ప్రక్క ముడుచుకొని కూర్చుండవలెను. వాకిలి ఒక్క అంగలో నున్న పాత రాతియింటిలో మాత్రము బయటి ఖాళీస్థలమునకు దాటుటయే మంచిది. కుదుపు ఆగిన పిమ్మట మెట్లమీదుగా వెలుపలికి రావలెను, లిఫ్టు ఎక్కరాదు. మరల చిన్న కుదుపులు రావచ్చును.

దాచేపల్లికి సముద్రము నూరు కిలోమీటర్లకు పైబడిన దూరము. కాని కార్తికమాసమున సూర్యలంకకు స్నానమునకు పోవు పలనాటివారు కలరు. తీరమున కుదుపు ఆగుట మరియొక పనికి ఆరంభము. 2004 డిసెంబరు 26న సుమత్రా చెంత సముద్రగర్భము కంపించెను. సుమారు రెండున్నర గంటలకు సునామీ అలలు ఆంధ్రతీరమును తాకెను. ఆనాడు పౌర్ణమి, మంగినపూడిలో జనులు స్నానములు చేయుచుండిరి. రాష్ట్రమున నూరుమందికి పైగా మరణించిరి. వ్యవధి యున్నది, చెప్పువారు లేకపోయిరి. ఆ లోటు తీర్చుటకు 2007లో హైదరాబాదున సునామీ హెచ్చరిక కేంద్రము నెలకొల్పబడినది.

కాని భూకంపము తీరమునకు సమీపముననే పుట్టినచో అలకు నిమిషములే చాలును. అపుడు నేల యదురుటయే హెచ్చరిక. సుమత్రా ప్రక్కనున్న సిమెయులు ద్వీపవాసులకు 1907 నాటి సునామీ కథ పెద్దలు పిల్లలకు చెప్పగా తెలిసియుండెను. 2004లో వారు ఏ వార్తకును ఎదురుచూడక, సామానులకై వెనుకకు తిరుగక, కొండ లెక్కిరి. సుమారు 78,000 మందిలో మరణించినవారు 7 గురు.