చేపలు అటు, టీ పొడి ఇటు

తెల్లవారుజామున కైకలూరులో అందరికంటే ముందు మేలుకునేది టీ కొట్టు. చెరువు పట్టుబడికి వెళ్లే కూలీలు, ఐసు ఫ్యాక్టరీ కుర్రాళ్లు, ట్రేలు సర్దించుకుని తాళ్లు బిగిస్తున్న లారీ డ్రైవర్లు అందరూ అక్కడ ఓ గ్లాసు పట్టుకుని నిలబడాల్సిందే. ఆ లారీల్లో ఐసు మధ్య సర్దిన శీలావతి, బొచ్చె చేపలు హౌరా మీదుగా అస్సాం దాకా వెళ్తాయి. రంగుకూ చిక్కదనానికీ పెట్టింది పేరైన టీ పొడి వచ్చేదీ ఆ అస్సాం నుంచే. దేశంలో ఏటా తయారయ్యే టీ సుమారు 130 కోట్ల కిలోలైతే, అందులో సగానికి పైగా ఆ ఒక్క రాష్ట్రానిదే.

టీ ఆకుకు ఒక గుణం ఉంది. తన పక్కన ఏముంటే దాన్ని తనలోకి లాక్కుంటుంది. నీళ్లు, పాలు, పువ్వు, పొగ, చివరికి పురుగు కాటు కూడా దాని రుచిని మార్చేస్తాయి. లోకంలో ఇన్ని రకాల టీలు పుట్టడానికి సగం కారణం ఆ గుణమేనని నా గట్టి నమ్మకం. గ్లాసు చేతిలో ఉండగా చెప్పుకోదగ్గ విశేషాలు కొన్ని చూద్దాం.

ఆ తోటల్లో మనవాళ్లు

అస్సాం అడవుల్లో టీ చెట్లు సహజంగానే పెరిగేవి. సింగ్‌ఫో తెగవాళ్లు ఆ ఆకును ఎప్పటినుంచో వాడుకునేవారు. 1823లో రాబర్ట్ బ్రూస్ అనే వర్తకుడికి వాళ్ల ద్వారానే ఆ సంగతి తెలిసింది. 1839 జనవరిలో 8 పెట్టెల అస్సాం టీ లండన్‌లో వేలానికి వెళ్లింది. ఆ తర్వాత అడవులు నరికి తోటలు వేయడానికి దొరలకు వేల మంది కూలీలు కావలసి వచ్చారు. అలా తీసుకెళ్లినవాళ్లలో గంజాం, విశాఖపట్నం జిల్లాల తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్ల వారసులు ఇప్పటికీ ఆ తోటల్లో ఉన్నారు. తరాల తరబడి వంగి ఆకు కోసిన ఆ చేతులను ఎవరూ తలుచుకోకపోవడం నాకు బాధగా ఉంటుంది.

అక్కడి తోటల్లో గడియారం కూడా వేరు. దాన్ని ‘బాగాన్ టైమ్’ అంటారు. అది దేశమంతటి సమయానికి ఒక గంట ముందుంటుంది. తూర్పున పొద్దు తొందరగా పొడుస్తుంది కాబట్టి ఆ వెలుగు వృథా పోకూడదని పెట్టుకున్న లెక్క. సింగ్‌ఫోలు మాత్రం తమ పాత పద్ధతిని వదల్లేదు. వేయించి ఎండబెట్టిన ఆకును వెదురు గొట్టాల్లో కూరి పొయ్యి మీద పొగకు ఉంచుతారు. గట్టిపడిన ఆ కడ్డీని ముక్కలుగా కోసి నీళ్లలో మరిగించి, పాలు పోయకుండానే తాగుతారు.

గుళికల కథ

మన టీ పొడి గుండ్రటి చిన్న గుళికలుగా ఎందుకుంటుంది? 1930 ప్రాంతంలో అస్సాంలోని ఆమ్‌గురి తోటలో విలియం మెకర్చర్ అనే ఆయన ఒక యంత్రం తయారు చేశాడు. పళ్లున్న రెండు రోలర్లు వేర్వేరు వేగాలతో తిరుగుతుంటాయి. వాటి మధ్య పడ్డ ఆకు నలిగి, చిరిగి, చుట్టుకుపోతుంది. ‘సీటీసీ’ టీ అంటే ఇదే. దీని డికాషన్ రెండు మూడు నిమిషాల్లో దిగిపోతుంది, రంగు ముదురుగా వస్తుంది, కిలో పొడికి ఎక్కువ గ్లాసులు వస్తాయి. పాలు, పంచదార పోసినా రుచి చచ్చిపోదు. పావలా, అర్ధరూపాయి రోజుల్లో టీ సామాన్యుడి చేతికి అందిందంటే ఈ యంత్రం చలవే.

‘డస్ట్’ టీ అంటే ఫ్యాక్టరీలో ఊడ్చి పోగేసిన చెత్త అని చాలామంది అనుమానం. అది నిజం కాదు. జల్లెళ్లలో జల్లించినప్పుడు అన్నిటికంటే సన్నగా దిగిన గింజకు ఆ పేరు పెట్టారు. దక్షిణాది వాళ్లకు కావలసినంత స్ట్రాంగ్ టీ దానితోనే వస్తుంది. వేలంలో మంచి డస్టుకు మంచి ధరే పలుకుతుంది.

మొక్క ఒక్కటే

గ్రీన్ టీ ఒక చెట్టు నుంచి, మామూలు టీ ఇంకో చెట్టు నుంచి వస్తాయనుకుంటే పొరపాటు. తెల్ల టీ, గ్రీన్ టీ, ఊలాంగ్, నల్ల టీ అన్నిటికీ మొక్క ఒకటే: కెమెల్లియా సైనెన్సిస్. అందులో చిన్నాకు చైనా రకం, పెద్దాకు అస్సాం రకం ఉన్నాయి, అంతే. రెండు ఆకులు, ఒక మొగ్గ తుంచాక ఏం చేస్తారన్నదాన్ని బట్టి పేరు మారుతుంది. కోసిన వంకాయ ముక్క గాలి తగిలి నల్లబడినట్టు, నలిగిన టీ ఆకు కూడా రంగు మారుతుంది. పూర్తిగా మారనిస్తే నల్ల టీ, సగంలో ఆపితే ఊలాంగ్, మొదట్లోనే ఆవిరి పట్టించో మూకుడులో వేయించో ఆపేస్తే గ్రీన్ టీ. సుమారు నాలుగున్నర కిలోల పచ్చాకు నుంచి ఒక కిలో టీ వస్తుంది.

గ్రీన్ టీ చేదని ముఖం చిట్లించేవాళ్లకు ఒక మాట. నీళ్లు తెర్లుతుండగా ఆకు వేస్తే చేదు రాక తప్పదు. పొయ్యి కట్టేసి, వేడి కాస్త తగ్గాక వేసి రెండు నిమిషాల్లో వడకట్టేయండి. తేడా మీకే తెలుస్తుంది.

దోమ కుడితే రుచి

ఈ విశేషం మన రైతులకు వింతగా ఉంటుంది. వరిలో పచ్చదోమ కనిపిస్తే గుండెల్లో రాయి పడుతుంది. మిరపలో తామరపురుగు వస్తే మందుల కొట్టుకు పరిగెత్తాల్సిందే. డార్జిలింగ్‌లో మే, జూన్ నెలల్లో ఆ జాతికి చుట్టాలైన పురుగులే టీ ఆకు మీద వాలి రసం పీలుస్తాయి. ఆకు అంచులు ముడుచుకుని గోధుమ రంగుకు తిరుగుతాయి. దెబ్బతిన్న ఆకు తనను కాపాడుకోవడానికి కొన్ని పరిమళ ద్రవ్యాలను పుట్టిస్తుంది. ఆ ఆకుతో చేసిన టీకి పండిన ద్రాక్ష వాసన వస్తుంది. ‘మస్కటెల్’ అని లోకమంతా మెచ్చుకునే డార్జిలింగ్ రెండో కోత టీ అదే. మన దేశంలో భౌగోళిక గుర్తింపు మొట్టమొదట దక్కిందీ 2004లో డార్జిలింగ్ టీకే.

తైవాన్‌లో ‘ఓరియంటల్ బ్యూటీ’ అనే ఊలాంగ్ కూడా ఇలాంటిదే. దోమ వాలాలని అక్కడి రైతులు పురుగుమందు కొట్టకుండా ఎదురుచూస్తారు. ఆ తోటల్లో దోమ ఎక్కువగా వాలిన ఏడాది మంచి ఏడాది.

వాసన పట్టే ఆకు

చైనాలోని ఫుజియాన్ ప్రాంతంలో మల్లె టీ చేసే తీరు చూడండి. మధ్యాహ్నం కోసిన మొగ్గలు సాయంత్రానికి విచ్చుకోబోతుండగా టీ ఆకుతో కలిపి రాశి పోస్తారు. రాత్రంతా పువ్వు విచ్చుకుంటూ వాసన వదులుతుంది, ఆకు పీల్చుకుంటుంది. తెల్లారాక వాడిన పూలు ఏరేసి, ఆకును ఆరబెట్టి, మళ్లీ కొత్త మొగ్గలు కలుపుతారు. మేలురకానికి ఇలా ఎన్నో రాత్రులు గడవాలి. మల్లెలు మనకూ ఉన్నాయి, రాత్రిళ్లు విచ్చుకునే వాటి వాసనా మనకు తెలుసు. ఆ పని మాత్రం మనవాళ్లెవరూ తలకెత్తుకోలేదెందుకో.

కొల్లేటి తామరలు ఎరిగినవాళ్లకు ఇంతకంటే నచ్చే సంగతి వియత్నాంలో ఉంది. హనోయి నగరంలోని పడమటి సరస్సులో తెల్లవారకముందే పడవల మీద వెళ్లి తామరపూలు కోస్తారు. ఒడ్డుకు తెచ్చి, రేకలు తీసి, కేసరాల కొసన బియ్యపు గింజల్లా ఉండే తెల్లటి మొనలను రాలుస్తారు. తామర వాసనంతా వాటిలోనే ఉంటుంది. టీ ఆకు ఒక పొర, ఆ గింజలు ఒక పొర పరిచి, తర్వాత జల్లించి ఆరబెట్టి, మళ్లీ మళ్లీ అదే పని చేస్తారు. ఒక కిలో టీకి వెయ్యికి పైగా పూలు కావాలి. అంత ఓపిక లేనివాళ్లు సగం విచ్చిన తామరలో గుప్పెడు టీ ఆకు పోసి, రేకలు మూసి, ఆకు చుట్టి కట్టేస్తారు. మర్నాడు విప్పి కాచుకుంటారు. ఈ రెండో పద్ధతిని మన ఇళ్లలోనూ చేసుకోవచ్చు. తామర ఉన్న చెరువు దగ్గర్లో ఉంటే చాలు.

చైనాలోని లాప్‌సాంగ్ సూచాంగ్ టీని దేవదారు జాతి కట్టెల పొగలో ఆరబెడతారు. ఎర్ల్ గ్రేలో బెర్గమాట్ అనే నిమ్మజాతి కాయ తొక్క నూనె కలుపుతారు.

ఈ గుణం వల్ల మన ఇళ్లలో ఒక ఇబ్బంది ఉంది. ఎండు చేపలు, ఎండు రొయ్యలు ఉంచిన అలమరలోనే టీ పొట్లం పెడితే రెండు మూడు రోజుల్లో ఆ నీచు వాసన పొడికి పట్టేస్తుంది. ఎంత అల్లం దంచి వేసినా అది పోదు. బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బాలో, ఇంగువకూ మసాలాకూ ఎండు చేపకూ దూరంగా పెట్టండి.

చేప కళ్లు

8వ శతాబ్దంలో చైనాలో లు యూ అనే పండితుడు టీ మీద ఒక గ్రంథం రాశాడు. కొండల నుంచి పారే నీరు శ్రేష్ఠం, ఏటి నీరు మధ్యమం, బావి నీరు చివరిదని ఆయన లెక్క. నీళ్లు కాగడంలో మూడు దశలు చెప్పాడు. చేప కళ్లంత బుడగలు లేచి, సన్నటి చప్పుడు మొదలైతే మొదటి దశ. గిన్నె అంచుల్లో ముత్యాల సరాల్లా బుడగలు పైకి పాకితే రెండోది. అలలు అలలుగా తెర్లితే మూడోది. ఆపైన కాగిన నీళ్లు పనికిరావన్నాడు. చేపల చెరువుల మధ్య బతికే మనకు ఆ మొదటి గుర్తు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

నీళ్ల సంగతిలో ఆయన మాట అక్షరాలా నిజం. కైకలూరు చుట్టుపక్కల బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పన. అలాంటి కఠినజలంతో టీ పెడితే రంగు మొద్దుబారుతుంది, పైన సన్నటి తెట్టు కడుతుంది. నీళ్లలోని కాల్షియం టీలోని పదార్థాలతో కలిసి కట్టే పొర అది. అందుకే ఇక్కడి కొట్లవాళ్లు క్యాన్ నీళ్లు కొనైనా టీ పెడతారు. కాలువ నీళ్లు మంచినీళ్ల చెరువులోకి కొత్తగా వదిలిన రోజుల్లో ఇంటి టీ రుచే వేరు.

పాలు, అల్లం, బెల్లం

మంచి టీ మాస్టరు పని దగ్గర నిలబడి చూడాలి. నీళ్లు తెర్లాక దంచిన అల్లం వేస్తాడు. అది బాగా మరిగాకే పాలు పోస్తాడు. పచ్చి అల్లంలో ప్రోటీన్లను విడగొట్టే ఎంజైమ్ ఉంది. గోరువెచ్చని పాలలో దాన్ని వేస్తే పాలు విరిగిపోతాయి. ముందే మరిగిస్తే దాని శక్తి చచ్చిపోతుంది, ఘాటు మాత్రం నిలుస్తుంది. ఏలకులు మాత్రం దించేముందు వేస్తాడు, లేకపోతే వాసనంతా ఆవిరైపోతుంది. గుడ్డలో వడకట్టి, రెండు మగ్గుల మధ్య నాలుగుసార్లు ఎత్తి తిరగబోస్తే నురగ కడుతుంది. ఇవన్నీ ఏ పుస్తకంలోనూ చదువుకోకుండా చేతి అనుభవంతో పట్టేసిన మనిషి పనితనానికి ఎంత గౌరవం ఇచ్చినా తక్కువే.

పాలు కూడా ఊరికే పోసేది కాదు. పాలలోని కేసిన్ అనే ప్రోటీన్ టీలోని వగరును పట్టేస్తుంది. గేదె పాలలో వెన్న ఆవు పాలకంటే బాగా ఎక్కువ కాబట్టి మన డెల్టా టీ అంత చిక్కగా ఉంటుంది. హైదరాబాద్ ఇరానీ చాయ్‌లో పాలు విడిగా గంటల తరబడి మరిగి కోవా వాసన పట్టుకుంటాయి. డికాషన్ వేరే గిన్నెలో మూతపెట్టి దమ్ మీద ఉంటుంది. రెండూ కప్పులోనే కలుస్తాయి.

బెల్లం టీ పెట్టుకునేవాళ్లు గిన్నె పొయ్యి మీద ఉండగా బెల్లం వేయకండి, పాలు విరుగుతాయి. దించి, ఒక నిమిషం ఆగి, తురిమిన బెల్లం కలపండి.

నిమ్మచెక్క పిండితే

ఏలూరు నిమ్మ మార్కెట్ పేరున్నది. అక్కడి కాయ ఒకటి తెచ్చి పాలు లేని టీలో నాలుగు చుక్కలు పిండి చూడండి. ముదురు రంగు చూస్తుండగానే తేలికై బంగారు రంగుకు తిరుగుతుంది. టీకి ముదురు రంగునిచ్చే పదార్థాలు పులుపు తగలగానే రంగు తగ్గుతాయి. ఇందాక చెప్పిన తెట్టు కూడా కట్టదు. కేరళలో బిర్యానీ తిన్నాక తాగే సులైమానీ కూడా నిమ్మ పిండిన టీయే.

భోజనం అయిన వెంటనే టీ తాగే అలవాటు మంచిది కాదు. అన్నంలో, ఆకుకూరలో ఉన్న ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. రక్తహీనత ఉన్న ఆడవాళ్లు గంటైనా ఆగి తాగాలి.

ఇంకొన్ని

‘బ్రూక్ బాండ్’లో బ్రూక్ ఉన్నాడు కానీ బాండ్ ఎవరూ లేరు. 1869లో మాంచెస్టర్‌లో కొట్టు తెరిచిన ఆర్థర్ బ్రూక్, వినసొంపుగా ఉందని ఆ రెండో పేరు తగిలించాడు.

కాశ్మీరు నూన్ చాయ్ గులాబీ రంగులో ఉంటుంది. గ్రీన్ టీ ఆకును సోడా ఉప్పు వేసి చాలాసేపు మరిగించి, గరిటెతో పదేపదే ఎత్తిపోస్తారు. పాలు పోయగానే ఆ రంగు వస్తుంది. పంచదారకు బదులు ఉప్పు వేస్తారు.

జపాన్‌లో గెన్‌మైచా అనే టీలో వేయించిన బియ్యం కలుపుతారు. వరి పండే మన ఊళ్లవాళ్లకు ఆ కమ్మటి వాసన మొదటి గుక్కలోనే నచ్చుతుంది.

2021లో గువాహటి వేలంలో మనోహరి గోల్డ్ అనే అస్సాం టీ కిలో 99,999 రూపాయలు పలికింది.

పట్టణాల్లో పిల్లలు ఎగబడే బబుల్ టీ 1980లలో తైవాన్‌లో పుట్టింది. అడుగున ఉండే ఆ నల్లటి ఉండలు కర్రపెండలం పిండితో చేసినవి. పెద్దాపురం, సామర్లకోట వైపు సగ్గుబియ్యం తయారయ్యేదీ ఆ దుంప నుంచే.

మందారం టీ అని ఖరీదైన పొట్లాల్లో అమ్మే ఎర్రటి పానీయం అసలు టీ కాదు. అది హైబిస్కస్ సబ్డరిఫా, అంటే మన ఎర్ర గోంగూర మొక్కే. ఈజిప్టులో దాన్ని ‘కర్కదే’ అంటారు, పెళ్లిళ్లలో అతిథులకు పోస్తారు. మనం ఆకు కోసి పచ్చడి నూరుకుని కాయను వదిలేస్తాం. వాళ్లు పూత రాలాక కాయ చుట్టూ ఎర్రగా కండపట్టిన రేకలు ఒలిచి ఎండబెడతారు. పెరట్లో ఎర్ర గోంగూర ఉన్నవాళ్లు ఈసారి ఆ రేకలు పారేయకుండా ఎండబెట్టుకోండి. గుప్పెడు రేకలు మరిగే నీళ్లలో వేసి పది నిమిషాలు మూతపెట్టి, వడకట్టి, పంచదార కలిపి చల్లార్చుకుంటే చాలు, ఎండాకాలం మధ్యాహ్నాలకు పుల్లటి ఎర్ర పానీయం సిద్ధం.