ముద్ద దగ్గరే తెలిసే మాట

"ఫోన్ పెడితే తప్ప ముద్ద మింగడండీ." హైదరాబాద్ ప్రగతి నగర్ అపార్టుమెంట్లలో చిన్నపిల్లలున్న ఇళ్లలో తరచూ వినబడే మాట ఇది. హైటెక్ సిటీ నుంచి ఇల్లు చేరేసరికే రాత్రవుతుంది, బిడ్డ కడుపు నిండితే చాలనిపిస్తుంది. ఆ తల్లిదండ్రులను తప్పుపట్టలేం. కానీ బిడ్డ ఎలా తింటున్నాడో, మనతో ఎలా కలుస్తున్నాడో రెండూ ఆ తెర వెనకే ఉండిపోతాయి. రెండేళ్లలోపు పిల్లలకు తెర వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది.

చందమామను చూపిస్తూ గోరుముద్దలు పెట్టేటప్పుడు బిడ్డ అమ్మ వేలు చూపిన వైపు చూసి, మళ్లీ అమ్మ ముఖం చూస్తాడు. మాటకు పునాది అక్కడ పడుతుంది. అందుకే ఏడాది నిండిన బిడ్డ ఎన్ని మాటలు అంటున్నాడన్నదానికంటే, పేరు పెట్టి పిలిస్తే తిరుగుతున్నాడా, కావలసింది వేలితో చూపిస్తున్నాడా అన్నది ముందు చూడాలి. ఆరేడు నెలలకు "బాబాబా, దాదాదా", ఏడాదికి అటూ ఇటూగా తొలి పలుకు, రెండేళ్లకు సుమారు 50 మాటలు, "నాన్న రా" లాంటి జంట మాటలు రావాలి. ఇంట్లో తెలుగు, ఆయా దగ్గర హిందీ, ప్లేస్కూల్లో ఇంగ్లిష్ అయితే మూడింట్లోనూ వచ్చిన మాటలు కలిపి లెక్కపెట్టాలి. ఎక్కువ భాషల వల్ల మాట ఆలస్యం కాదు. మాటలు రావాలంటే తెలుగు మానేయాలనే సలహాకు ఆధారం లేదు; అమ్మమ్మతో మాట్లాడే భాషను బిడ్డకు దూరం చేయడం అన్యాయం కూడా. వచ్చిన మాటలు పోతుంటే మాత్రం ఏ వయసులోనైనా వెంటనే డాక్టరుకు చూపించాలి.

ఇక తిండి. ఆరు నెలలు నిండాక మెత్తటి ఉగ్గుతో మొదలుపెట్టి, తొమ్మిదో నెలకల్లా చేత్తో మెదిపిన, కాస్త పలుకు తగిలే అన్నం అలవాటు చేయాలి. పలుకున్న తిండి ఆలస్యంగా రుచి చూసిన పిల్లల్లో ఏడేళ్ల వయసుకీ తిండి పేచీలు ఎక్కువున్నాయని బ్రిటన్‌లో వేలమంది పిల్లల మీద జరిగిన అధ్యయనంలో తేలింది. అందుకే మిక్సీని ఎక్కువకాలం నమ్ముకోవద్దు. పాలు తాగుతూ ఆయాసపడటం, ముక్కులోంచి పాలు రావడం, ప్రతి పూటా పొలమారడం, తిన్నాక గొంతు గరగరలాడటం, మాటిమాటికీ న్యుమోనియా, బరువు పెరగకపోవడం మారాం కాదు. పీల్చడం, మింగడం, ఊపిరి తీయడం ఒక లయలో కుదిరేది గర్భంలో 34 వారాల ప్రాంతంలో కాబట్టి, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల విషయంలో మరింత జాగ్రత్త కావాలి.

"వాళ్ల నాన్నకూ నాలుగేళ్లకు గానీ మాటలు రాలేదు" అంటూ ఆగమంటారు పెద్దవాళ్లు. నాలుక మీద వస రాయమనీ చెబుతారు; దానితో మాటలు రావు. రెండేళ్లకు మాటలు తక్కువున్న పిల్లల్లో చాలామంది తర్వాత అందుకుంటారన్నది నిజమే. ఎవరు అందుకుంటారో ముందే చెప్పలేం కాబట్టే పరీక్ష అవసరం.

అన్నిటికంటే ముందు చెవులు చూపించాలి. తలుపు చప్పుడుకు ఉలిక్కిపడే బిడ్డకు కూడా మాటల్లోని సన్నటి ధ్వనులు వినబడకపోవచ్చు. కోఠి ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రికి గానీ, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని అలీ యావర్ జంగ్ జాతీయ వాక్-శ్రవణ వైకల్యాల సంస్థ ప్రాంతీయ కేంద్రానికి గానీ తీసుకెళ్లండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లోనూ పిల్లలను పరీక్షిస్తారు. అనుమానముంటే మూడో పుట్టినరోజు దాకా ఆగకండి.