హక్కుల నాయకుని ఇంట పెరిగే బిడ్డ

పౌరహక్కుల నాయకుడు అనగానే మనకు సభలు, కోర్టులు, నిజనిర్ధారణ బృందాలు గుర్తుకొస్తాయి. ఆయన ఇంట్లో బడికి వెళ్లే బిడ్డ ఒకరు ఉంటారన్న సంగతి తట్టదు. అన్యాయానికి ఎదురు నిలవాలన్న నిర్ణయం తండ్రిదో తల్లిదో. దాని వెలలో కొంత మాత్రం, ఎవరూ అడగకుండానే, పిల్లలు చెల్లిస్తారు.

ఈ సంగతి మన ఉత్తర తెలంగాణకు దూరమైనది కాదు. 1978లో కరీంనగర్ జిల్లా సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. 1981 ఏప్రిల్ 20న ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లిలో సభకు వచ్చిన గోండులపై పోలీసులు కాల్పులు జరిపారు. 13 మంది చనిపోయారని ప్రభుత్వం చెప్పింది. మృతులు అంతకన్నా చాలా ఎక్కువని హక్కుల సంఘాలు చెప్పాయి. ఇలాంటి ఘటనలపై నిజానిజాలు తేల్చి లోకానికి చెప్పే పనిని 1974లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం చేపట్టింది.

ఆ పని చేసినవారికి ప్రాణాపాయం తప్పలేదు. 1985లో కరీంనగర్ జిల్లా న్యాయవాది గోపి రాజన్న హత్యకు గురయ్యారు. అదే ఏడాది సెప్టెంబరు 3న వరంగల్‌లో పిల్లల వైద్యుడు డాక్టర్ రామనాథంను ఆయన క్లినిక్‌లోనే కాల్చి చంపారు. 1986లో కరీంనగర్‌లో జాపా లక్ష్మారెడ్డిని చంపారు. అలాంటి వార్త వచ్చిన రాత్రి, ఆ సంఘంలో పనిచేసే ఇళ్లలో తలుపు చప్పుడైతే పిల్లలు ఉలిక్కిపడి ఉండరా?

మొదటి భారం ఈ భయమే. అమెరికాలో పాస్టరు మార్టిన్ లూథర్ కింగ్ ఇంటిపై 1956 జనవరి 30న బాంబు వేసినప్పుడు ఆయన సభలో ఉన్నారు. ఇంట్లో ఉన్నది భార్య, రెండున్నర నెలల పాప యొలాండా. ఇద్దరూ క్షేమంగా బయటపడ్డారు.

రెండవది ఎదురుచూపు. ఇంటికి వచ్చే ప్రతివాడూ ఆపదలోనే వస్తాడు. ఆ ఆపద ముందు బిడ్డ ప్రోగ్రెస్ కార్డు చిన్నదైపోతుంది. నాన్న మంచి పని మీదే వెళ్లాడు గనుక, రాలేదని అలగడానికి కూడా బిడ్డకు మనసొప్పదు.

మూడవది పోలిక. ఫలానావారి బిడ్డవు గదా అని లోకం కొలత పెడుతుంది. దాన్ని దాటి తమ దారి వెతుక్కున్నవారూ ఉన్నారు. 1978 నుండి 1994 వరకు పౌరహక్కుల సంఘానికి అధ్యక్షులుగా ఉన్న న్యాయవాది కన్నబిరాన్ కుమార్తె కల్పన సామాజిక శాస్త్రవేత్తగా, స్త్రీల హక్కుల గురించి రాసే రచయిత్రిగా తన పేరు తాను సంపాదించుకున్నారు. తండ్రి ఆత్మకథను ఇంగ్లీషులోకి తెచ్చిందీ ఆమే. ఆ పుస్తకం 2022లో వెలువడింది. తండ్రిని కోల్పోయేనాటికి అయిదేళ్ల పసిపిల్ల అయిన బెర్నిస్ కింగ్ తర్వాత సేవకురాలిగా అభిషేకం పొందారు. అయితే తల్లిదండ్రుల బాట పట్టని బిడ్డలు ఓడిపోయినట్టు కాదు.

మరి మనం చేయగలిగిందేమిటి? నిర్గమకాండము 18వ అధ్యాయంలో యిత్రో, మోషే భార్యను, ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని అరణ్యానికి వస్తాడు. మరునాడు మోషే ఉదయం నుండి సాయంత్రం దాకా ఒక్కడే కూర్చుని జనుల తగవులు తీర్చడం చూసి, ఈ పని పదిమందికి పంచమంటాడు. నాయకుడు అలిసిపోతాడనే ఆయన ఆ మాట చెప్పాడు. కానీ ఆ సలహా చెప్పినవాడు పిల్లల తాతయ్య అని మరచిపోకూడదు.

ఒక జిల్లా కన్నీళ్లన్నీ ఒకే ఇంటి గుమ్మం తొక్కితే ఆ ఇంటి పిల్లలు నలిగిపోతారు. పది ఇళ్లు పంచుకుంటే ఏ బిడ్డా తండ్రిని పూర్తిగా పోగొట్టుకోదు. మన సంఘాల్లోనూ దళితుల కోసం, ఆదివాసుల కోసం, భూమి కోసం నిలబడ్డవారు ఉన్నారు. వారిని వేదిక మీద సన్మానించడం మంచిదే. వారు కోర్టుకు వెళ్లిన రోజు బిడ్డను బడి నుండి తీసుకురావడం, పరీక్షల నెలలో రెండు ఊళ్ల పని మనం చూసుకోవడం అంతకన్నా మంచిది. ఆ బిడ్డ కనబడినప్పుడు నాన్న పోరాటం గురించి కాక, తన చదువు గురించి, ఆటల గురించి అడుగుదాం.