శిబిరం బకెట్ షర్బత్ – ఇంట్లో చేసుకునే పద్ధతి

వేసవి శిబిరానికి వెళ్లి వచ్చిన మన హాస్టల్ తమ్ముళ్లను అక్కడ ఏం నేర్చుకున్నారని అడిగితే ఖోఖో, యోగా, స్పోకెన్ ఇంగ్లీషు అని వరుసగా చెబుతారు. ఏం బాగుందని అడిగితే మాత్రం నూటికి తొంభై మంది చెప్పేది ఒకటే: సాయంత్రం బకెట్‌లో కలిపి మగ్గుతో పోసిన ఎర్రటి పండ్ల షర్బత్! ఇంటికి పోయాక అదే షర్బత్ చేయబోతే ఆ రుచి రాదు. "అన్నా, అందులో ఏం కలుపుతారు?" అని నన్ను చాలామంది అడిగారు. రసాయనశాస్త్రం చదివే విద్యార్థిగా నాకు తెలిసింది ఈ సంచికలో రాస్తున్నాను.

ముందు దీని పుట్టుపూర్వోత్తరాలు చూద్దాం. ఇంగ్లీషువాళ్లు దీనినే పంచ్ అంటారు. మన 'పంచ' అనే మాటే, అంటే అయిదు, అలా మారిందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. సారా, చక్కెర, నిమ్మరసం, నీళ్లు, సుగంధ ద్రవ్యం – ఈ అయిదూ కలిపి తాగేవారట. పీపాకు వాడే పాత ఇంగ్లీషు మాట నుంచి వచ్చిందనేవారూ ఉన్నారు. ఆ తగవు ఎలా తేలినా, మనం గర్వంగా చెప్పుకోదగిన సంగతి ఒకటుంది. ఈ మాట కాగితం మీదికి ఎక్కిన తొలి దాఖలాల్లో ఒకటి 1632లో ఈస్టిండియా కంపెనీ మనిషి రాసిన ఒక ఉత్తరం. అది చేరింది పెటపోలి వర్తక స్థావరంలోని మరో కంపెనీ ఉద్యోగికి. పెటపోలి అంటే నేటి బాపట్ల జిల్లా నిజాంపట్నం. అప్పుడది మన గోల్కొండ కుతుబ్‌షాహీల ఏలుబడిలోనిదే. అంటే అమెరికా పిల్లలు వేసవి క్యాంపుల్లో తాగే ఫ్రూట్ పంచ్ వంశవృక్షంలో ఒక వేరు తెలుగు సముద్రతీరంలో ఉందన్నమాట.

తర్వాత సారా పోయి పండ్లు వచ్చాయి. (సారా పోవడం ఎంత మంచిదో 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు మనకు చూపించారు. వారి ఉద్యమం వల్లే 1993 అక్టోబరు 1 నుంచి సారాపై నిషేధం వచ్చింది.) ఇంకో మాట. శ్రీరామనవమి పానకంలో ఏముంటాయి? నీళ్లు, బెల్లం, మిరియాలు, శొంఠి, యాలకులు. లెక్కపెడితే అవీ అయిదే!

అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రానికి చెందిన ఎడ్విన్ పెర్కిన్స్ 1927లో కూల్-ఎయిడ్ అనే పొడిని తయారుచేశాక పండ్లు కూడా అక్కర్లేకుండా పోయింది. అక్కడి క్యాంపు పిల్లలు ఆ రంగునీళ్లకు 'బగ్ జ్యూస్', అంటే పురుగుల రసం అని ముద్దుపేరు పెట్టుకున్నారు. మన దేశంలో ఆ పని అహ్మదాబాద్‌కు చెందిన రస్నా చేసింది. 1980లలో అయిదు రూపాయల ప్యాకెట్‌తో 32 గ్లాసులు అని వాళ్లు టీవీలో ప్రకటన ఇచ్చేవారు. మూడు ప్యాకెట్లు విప్పితే దాదాపు వందమంది పిల్లలకు తలా ఒక గ్లాసు. శిబిరాలు నడిపేవారికి ఇంతకంటే కావలసిందేముంది? అందులో ఒక పుచ్చకాయ, నాలుగు నిమ్మకాయలు, గుప్పెడు ద్రాక్షపండ్లు పడేస్తే అదే మన శిబిరం షర్బత్.

ఇక అసలు రహస్యం. శిబిరంలో షర్బత్ పలచగా ఉంటుంది. పిల్లలు లెక్కకు మించి వస్తే కామాటి అన్న ఇంకో బిందె నీళ్లు కుమ్మరిస్తాడు. మనం వెనుక నుంచి "నీళ్లు, నీళ్లు!" అని అరుస్తాం. కానీ ఆ నీళ్లే దాని గొప్పదనం. ఎండలో రెండు గంటలు కబడ్డీ ఆడిన ఒంట్లోంచి చెమటతోపాటు ఉప్పు కూడా పోతుంది. అప్పుడు చిక్కటి తీపి రసం తాగితే పేగులలో చక్కెర ఎక్కువై, అది ఒంట్లోని నీటిని పేగులోకి లాగుతుంది. దాహం తీరదు. పలచని తీపి, చిటికెడు ఉప్పు ఉంటే నీరు త్వరగా ఒంటబడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో ఓఆర్ఎస్ పొడి పాళ్లు మార్చినప్పుడు లీటరుకు 20 గ్రాములుండే గ్లూకోజును 13.5 గ్రాములకు తగ్గించింది ఇందుకే. కాబట్టి ఇంట్లో చేసేటప్పుడు "మనింట్లో కదా, చిక్కగా చేసుకుందాం" అనుకోవద్దు. చాలామందికి రుచి తప్పేది అక్కడే.

ఇంట్లో ఏడెనిమిది మందికి తలా రెండు మూడు గ్లాసులు రావాలంటే ఇలా చేయండి. ముందు రోజు రాత్రే మూడు లీటర్ల నీళ్లు మరగకాచి, చల్లార్చి, మూతపెట్టి కొత్త కుండలోనో రంజన్‌లోనో పోసుకోండి. మట్టి కుండ నీటిని ఎందుకు చల్లబరుస్తుందో మీరు తొమ్మిదో తరగతిలో చదివే ఉంటారు. దాని సన్నటి రంధ్రాల నుంచి చెమర్చిన ప్రతి గ్రాము నీరు ఆవిరవుతూ సుమారు 580 కేలరీల వేడిని లోపలి నీటి నుంచి పట్టుకుపోతుంది. గాలి తగిలేచోట పెడితేనే ఇది జరుగుతుంది, వంటగది మూలన పెడితే లాభం లేదు.

మరునాడు 300 గ్రాముల చక్కెరను ఒక గ్లాసు నీళ్లలో వేసి కరిగేదాకా మరిగించి దించండి. చల్లటి నీళ్లలో చక్కెర నెమ్మదిగా కరిగి అడుగున నిలుస్తుంది, అందుకే ఈ పాకం. చక్కెర బదులు బెల్లం వేయవచ్చా అంటే నిక్షేపంగా వేయవచ్చు. మన కామారెడ్డి బెల్లం మార్కెట్‌కు మంచి పేరుంది. కాకపోతే బెల్లం నీటిని గుడ్డలో వడకట్టుకోవాలి, ఎర్రరంగు రాదని కూడా తెలుసుకోవాలి. ఒకప్పుడు మన ప్రాంతానికి చక్కెర అంటే బోధన్ ఫ్యాక్టరీయే. 1937లో నెలకొల్పిన ఆ నిజాం చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. నిజాంసాగర్ కాలువ కింద చెరకు వేసిన ఇళ్లలో దాని మాట ఇప్పటికీ వస్తుంది.

ఇప్పుడు రంగు. ప్యాకెట్ల మీద 102, 110, 122 అనే అంకెలు కనబడితే అవి టార్ట్రజిన్, సన్‌సెట్ ఎల్లో, కార్మోయిసిన్ అనే కృత్రిమ రంగులు. చట్టం అనుమతించినవే, కానీ మనకు అవి లేకుండానే పని జరుగుతుంది. పావుకిలో నల్లద్రాక్షను ఉప్పునీళ్లలో బాగా కడిగి, రెండు గ్లాసుల నీళ్లలో పది నిమిషాలు ఉడికించి, చిదిమి వడకట్టండి. ఊదారంగు నీరు వస్తుంది. అందులో నిమ్మరసం పిండి చూడండి, కళ్లముందే ఎర్రబడుతుంది! తొక్కలోని ఆంథోసయనిన్ అనే పదార్థం ఆమ్లం తగలగానే ఎరుపెక్కుతుంది, లిట్మస్ కాగితం లాగానే. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఈ పని వాళ్ల చేత చేయించండి.

నిమ్మకాయలు ఆరు కావాలి. తొక్క చేదు దిగేదాకా పిండవద్దు. నాలుగు బత్తాయిలు, గింజలు తీసి రసం చేసుకోవాలి. బత్తాయి రసం నిలవ ఉంటే చేదెక్కుతుంది కాబట్టి దానిని చివరలో పిండుకోవాలి. సగం పుచ్చకాయను నలిపి వడకడితే లీటరు దాకా రసం వస్తుంది, మిగతా సగంలో కొంత ముక్కలు కోసి పెట్టుకోండి. అరటిపండు వద్దు, నల్లబడి చూపు చెడగొడుతుంది. ఆపిల్ కొనవలసిన అవసరమే లేదు.

స్టీలు గిన్నెలో ద్రాక్షనీరు, చల్లారిన పాకం, నిమ్మరసం, పుచ్చరసం, బత్తాయి రసం వరుసగా పోసి రెండున్నర లీటర్ల కుండనీళ్లు కలపండి. అర చెంచా ఉప్పు, దంచిన మిరియాలు పది, గోరంత అల్లం రసం చేర్చండి. అయిదో ద్రవ్యం ఇదే, మరిచిపోవద్దు. అల్యూమినియం గిన్నె, కళాయి లేని ఇత్తడి బిందె ఎంతమాత్రం పనికిరావు. నిమ్మ పులుపు లోహాన్ని కరిగించి షర్బత్‌లోకి దింపుతుంది. రుచి చూసినప్పుడు "ఇంకొంచెం తీపి ఉంటే బాగుండు" అనిపించాలి. అప్పుడు సరిగ్గా ఉన్నట్టు.

మంచు గురించి గట్టిగా చెప్పాలి. అంగట్లో దొరికే పెద్ద మంచుగడ్డలు తాగే నీటితో చేసినవని నమ్మకం లేదు, చేపల కోసం చేసినవీ అక్కడే దొరుకుతాయి. నేను చూసిన ఒక శిబిరంలో అలాంటి గడ్డ పగలగొట్టి బకెట్‌లో వేశారు. తెల్లారేసరికి పదిమందికి పైగా పిల్లలకు వాంతులు, విరేచనాలు. పండగలా ఉన్న శిబిరం ఆసుపత్రి వరండాలోకి మారింది. కాబట్టి మంచు బయట, షర్బత్ లోపల ఉండాలి. పెద్ద టబ్బులో వరిపొట్టు పరిచి, మంచు ముక్కలు వేసి, గుప్పెడు రాళ్లుప్పు చల్లి, మధ్యలో మూతపెట్టిన స్టీలు గిన్నె ఉంచండి. ఉప్పు కలిసిన మంచు సున్నా డిగ్రీల కంటే కిందికి పోతుంది. అరగంటలో పళ్లు జివ్వుమంటాయి.

ఒక హెచ్చరిక. ఇది విరేచనాలకు మందు కాదు. అలాంటప్పుడు ఓఆర్ఎస్ ప్యాకెట్టే వాడాలి. అది దొరకకపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చదును టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు కలిపి తాగించాలి, వెంటనే దవాఖానకు తీసుకుపోవాలి. షుగరు జబ్బున్న పెద్దవాళ్లకు ఈ షర్బత్ పోయవద్దు, ఉప్పు వేసిన మజ్జిగ ఇవ్వండి.

కిందటి వేసవిలో మా నస్రుల్లాబాద్‌లో ఇది చేసి, మధ్యాహ్నం పనినుంచి వచ్చిన అమ్మకు మొదటి గ్లాసు ఇచ్చాను. నేను హాస్టల్లో చదివిన అన్నేళ్లూ సెలవులకు వచ్చినప్పుడల్లా ఈ షర్బత్ సంగతి చెబుతూనే ఉన్నాను, అమ్మ వింటూనే ఉంది. తాగి, "గింతేనా? దీనికా గన్ని ముచ్చట్లు చెప్పినవ్!" అంది. రెండో గ్లాసు తనే ముంచుకుంది.

పుచ్చముక్కలు తాగడానికి పది నిమిషాల ముందు వేయండి, ముందే వేస్తే మెత్తబడతాయి. కలిపిన రెండు మూడు గంటల్లో అయిపోవాలి, ఫ్రిజ్ లేని ఇంట్లో మరునాటికి ఉంచవద్దు, పులుస్తుంది. పుచ్చ తొక్కలు బర్రెకు వేయండి, ఇష్టంగా తింటుంది.