ప్రజ్ఞకు తూకము

వెంకటగిరికోట మార్కెట్టులో టొమాటోకు తూకము గలదు, వేలము గలదు. ఈ సీమలో పెంచు పట్టుగూళ్లకు నాణ్యతను బట్టి ధర గలదు. ఇప్పుడు పిల్లల బుద్ధికి సైతము తూకము కట్టు దినములు వచ్చినవి. మదనపల్లె చెంతనున్న వలసపల్లె నవోదయ విద్యాలయమున చేరగోరి ఐదవ తరగతి పిల్లలు వ్రాయు పరీక్షలో 80 ప్రశ్నలుండగా, అందు 40 ప్రశ్నలు బుద్ధిశక్తిని పరీక్షించునవే. 100 మార్కులలో 50 మార్కులు వానికే. వరుసలో వేరుగానున్న బొమ్మ యేది, సగము చిత్రమును పూరించు ముక్క యేది, అద్దములో ఈ రూపమెట్లు కనబడును - ఇట్టివి ఆ ప్రశ్నలు. ఎనిమిదవ తరగతిలో ఏటికి 12 వేల రూపాయల జాతీయ ఉపకారవేతనమునకు వ్రాయు పరీక్షలోను ఇట్టివే 90 ప్రశ్నలు గలవు.

సీట్లు కొలది, కోరువారు వేలు. కావున ఎంపికకు ఏదో యొక కొలత కావలసియున్నది. దానిని మేమాక్షేపింపము. మా ఆక్షేపణ అటుపిమ్మట ఇండ్లలో జరుగు తీర్పును గూర్చినది. మార్కులు తక్కువైన పిల్లవానిని జూచి, "వీనికి తల లేదు, సేద్యములో పెట్టుదము" అనెడి తండ్రులు గలరు. ఆడపిల్ల విషయములో ఆ మాట మరింత త్వరగా వచ్చును. రెండు గంటల పరీక్ష ఒక జీవితమునకు హద్దురాయి పాతగలదా? ఈ ప్రశ్నకు ఉద్రేకముతో గాక విషయమును తెలిసికొని సమాధానము చెప్పుకొనవలెను.

ఈ పరీక్షల పుట్టుక తెలిసినచో సగము భ్రమ తొలగును. ఫ్రాన్సు దేశమున ఆల్ఫ్రెడ్ బినే యను పండితుడు థియోడోర్ సీమోను సాహాయ్యముతో 1905లో మొదటి పరీక్షను సిద్ధము చేసెను. బడిలో వెనుకబడిన పిల్లలలో ప్రత్యేకముగా బోధింపవలసిన వారెవరో తెలిసికొనుటయే ఆయన యుద్దేశము. అనగా, త్రోసివేయుటకు గాక చేయూత నిచ్చుటకే ఆ సాధనము పుట్టినది. బుద్ధి పెరుగని స్థిరవస్తువనెడి వాదమును ఆయన 1909లో తన గ్రంథమున తీవ్రముగా ఖండించెను. అభ్యాసముచేతను మంచి బోధనచేతను అవధానము, జ్ఞాపకము, వివేచనము వృద్ధినందునని ఆయన నమ్మకము.

1911లో బినే గతించెను. మరుసటి సంవత్సరము జర్మనీ పండితుడు స్టెర్ను, పిల్లవాని మానసిక వయస్సును అసలు వయస్సుచే భాగించు పద్ధతిని కల్పించెను. 1916లో అమెరికా పండితుడు టెర్మను దానిని నూటితో హెచ్చించి ప్రచారము చేసెను. పదేండ్ల బాలుడు పన్నెండేండ్లవాని ప్రశ్నలకు సమాధానము చెప్పినచో వాని ప్రజ్ఞాలబ్ధి 120. నేడీ భాగహారము లేదు. ఒకే వయస్సువారి సగటును 100గా నిర్ణయించి, తక్కినవారు దానికెంత దూరమున నున్నారో చెప్పుదురు. నూటికి సుమారు 68 మంది 85కును 115కును నడుమ నుందురు. కాబట్టి ఈ అంకె గజముబద్దతో కొలిచిన పొడవు వంటిది కాదు; పరుగు పందెములో వచ్చిన స్థానము వంటిది. తోడివారు మారినచో స్థానమును మారును.

సాధనము సముద్రము దాటగానే దాని ధర్మము మారినది. అమెరికా రేవులలో దిగిన పేద వలసవారికి గొడార్డు అను పండితుడు ఈ పరీక్షలు పెట్టించి, వారిలో ఎక్కువమందిని మందబుద్ధులుగా లెక్కకట్టెను. భాష రానివారు, ఓడ ప్రయాణములో నలిగినవారు, కలము పట్టి యెరుగనివారు ఆ లెక్కలో చేరిరి. మొదటి ప్రపంచయుద్ధమున సుమారు 17 లక్షల సైనికులకు పరీక్షలు జరిగినవి. ఆ అంకెలను బట్టి కొన్ని జాతులు పుట్టుకచేతనే తక్కువవని 1923లో బ్రిగమ్ అను నతడు గ్రంథము వ్రాసెను. ఏడేండ్లకు, 1930లో, తన వాదము నిరాధారమని తానే యొప్పుకొనెను. అది మెచ్చదగినదే. కాని ఈ నడుమ 1927లో కారీ బక్ అను యువతికి బుద్ధి చాలదని చెప్పి, ఆమెకు సంతానము కలుగకుండ శస్త్రచికిత్స చేయుట న్యాయమేయని ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. ఆమె బడిలో చక్కగనే చదివినదని తరువాత బయటపడెను. పండితుడు పొరపాటును దిద్దుకొనవచ్చును. ఆ పొరపాటునకు బలియైనవారి బ్రతుకును దిద్దువారెవరు?

మన దేశమునకు ఈ పరీక్షలు వచ్చినపుడు వానిని ఉన్నవి ఉన్నట్లు గ్రహింపరాదని గుర్తించిన వారు లేకపోలేదు. లాహోరులో హెర్బర్టు రైసు హిందూస్థానీ భాషలో బినే పరీక్షను సవరించెను. ధార్వాడలో వి. వి. కామత్ కన్నడ, మరాఠీ బాలురకు తగినట్లు దానిని తిరుగ రచించి 1940లో గ్రంథముగ ప్రకటించెను. చదువురాని వారికిని పనికివచ్చునట్లు చెక్కముక్కలతోను ఆకృతులతోను చేయింపదగిన పరీక్షలను 1955లో సి. ఎం. భాటియా ప్రకటించెను. వీరి శ్రమ యొక సత్యమును చాటుచున్నది: ప్రశ్న యొక్క భాష పిల్లవానిది కానిచో, వచ్చిన అంకె పిల్లవాని బుద్ధిది కాదు.

ఈ సత్యము వెంకటగిరికోటవారికి వేరుగా చెప్పనక్కరలేదు. మూడు రాష్ట్రములు కలియు చోటిది. ఇంట అరవము, సంతలో కన్నడము, బడిలో తెలుగు పలుకు పిల్లలు ఇచట అరుదు కారు. ఇంట ఉరుదూ మాటలాడువారును గలరు. అట్టి బాలునికి పుస్తకభాషలో పదములకు అర్థములడిగి, తడబడినంతనే తక్కువ మార్కు వేసినచో మనము కొలిచినది వాని బుద్ధిని గాదు, వానికిని ఆ పుస్తకమునకును గల దూరమును. మూడు భాషలలో బేరమాడి చిల్లర సరిచూచుకొను వాని నేర్పునకు ఆ కాగితముపై గడియే లేదు.

అయినను, ఈ పరీక్షలు ఒట్టి బూటకమని చెప్పుట సత్యదూరము. 1932 జూను 1వ తేదీన స్కాట్లండులో పదునొకండేండ్ల బాలబాలికలు 87 వేలకు పైగా ఒకే పరీక్ష వ్రాసిరి. వారిలో కొందరిని 77 ఏండ్ల ప్రాయమున పిలిచి అదే పరీక్ష మరల పెట్టగా, నాటి వరుసకును నేటి వరుసకును గణనీయమైన పోలిక కనబడినది. ప్రజ్ఞాలబ్ధికిని బడి మార్కులకును సంబంధము గలదు. పూర్తి పోలిక 1 అనుకొనినచో ఈ పోలిక సుమారు 0.5. గణితజ్ఞులు దీని వర్గమును తీసికొందురు. అనగా పిల్లల మార్కులలో గల హెచ్చుతగ్గులలో నాలుగవ వంతు మాత్రమే ఈ అంకెతో కలిసి నడచును. తక్కిన మూడు వంతులు పట్టుదల, ఉపాధ్యాయుడు, ఆరోగ్యము, ఇంటి పరిస్థితి, పరీక్షకందని అభిరుచులు మొదలగువానివి. వేయిమంది గుంపును గూర్చి ఊహ చేయుటకు ఈ అంకె చాలును. ఎదుట నిలిచిన ఒక్క బిడ్డ భవిష్యత్తును చెప్పుటకు చాలదు.

అంకె మారదా యన్నచో, మారును. న్యూజీలండు పండితుడు జేమ్సు ఫ్లిన్, 1980ల దశకమున పలుదేశముల లెక్కలను పోల్చి, పదేండ్లకు సుమారు మూడు పాయింట్ల చొప్పున సగటులు పెరుగుచు వచ్చినవని చూపెను. ముప్పది యేండ్లలో మానవుని పుట్టుక మారదు. చదువు, తిండి, ఆరోగ్యము మారును. 2018లో ఆరు లక్షల మందికి పైబడిన వారి వివరములను క్రోడీకరించిన పండితులు, ఒక్కొక్క యేడు అదనపు చదువు 1 మొదలు 5 పాయింట్ల వరకు పెంచునని తేల్చిరి. కావున, మార్కు తక్కువైనదని బడి మాన్పించు తండ్రి వైద్యమునే రోగముగా భ్రమించుచున్నాడు. గర్భిణికి అయోడిను చాలనిచో బిడ్డ మెదడు దెబ్బతినుననియు ప్రసిద్ధము. చిటికెడు మంచి ఉప్పులో గల మేలు, నెలల తరబడి ఇచ్చు ట్యూషనులో లేకపోవచ్చును.

మా పాఠకులలో రైతులు పెక్కురు గనుక మరియొక విషయము చెప్పుదుము. పొరుగున తమిళనాడులో విలుపురము, తిరువణ్ణామలై ప్రాంతముల చెరకు రైతులు 464 మందికి, కోతకు ముందును కోత తరువాతను బుద్ధిపరీక్షలు పెట్టిరి. ఆ పరిశోధన 2013లో వెలువడినది. కోతకు ముందు చేత డబ్బులేక, నగలు తాకట్టు పెట్టు దినములలో, అదే రైతు తక్కువ మార్కులు తెచ్చుకొనెను. పంట డబ్బు చేతికి వచ్చిన పిమ్మట ఎక్కువ తెచ్చుకొనెను. దీని అర్థమును గూర్చి పండితులలో కొంత వాదము జరిగినది. కాని టొమాటో ధర పడిపోయి కాయలను బాటప్రక్క పారబోయవలసి వచ్చిన యేట, తన తల తనదిగా పనిచేయలేదని యెరిగిన రైతునకు ఆ ఫలితము వింతగా తోచదు. ఆ యింటి బిడ్డ ఆ యేడే పరీక్షకు కూర్చుండవచ్చునని కూడ జ్ఞాపకముంచుకొనవలెను.

ఇక, ఈ జల్లెడలో జారిపోయిన గింజల మాట. టెర్మను 1921లో మొదలిడి, గొప్ప ప్రజ్ఞగల బాలబాలికలను సుమారు 1,500 మందిని ఏరి, వారి జీవితములను పరిశీలింపజొచ్చెను. వారిలో పెక్కురు బాగుపడిరి, నిజమే. కాని మార్కు చాలక ఆ పట్టికలో చేరనివారిలో విలియం షాక్లీ, లూయీ ఆల్వరెజ్ అనువారుండిరి. ఒకరికి 1956లోను, ఒకరికి 1968లోను భౌతికశాస్త్రమున నోబెలు బహుమతి లభించినది. పట్టికలో చేరినవారిలో ఒక్కరికిని రాలేదు.

అంతదూరమేల? 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి చరిత్రయే చాలును. బాల్యమున మలేరియాతో కృశించి, పదేండ్ల ప్రాయమున తల్లిని గోల్పోయి, బడిలో పాఠములు అప్పగింపలేక దెబ్బలు తిన్న బాలుడాయన. మందమతియని ఉపాధ్యాయులు తీర్మానించిరి. ఇంగ్లండులో విశ్వవిద్యాలయ ప్రవేశమునకై పదేపదే పరీక్షకు పోయి తప్పెను. తమ్ముడు నిత్యానంద మాత్రము ఉత్తీర్ణుడై న్యాయశాస్త్రము చదివెను. ఆ తప్పినవాని మాటలు వినుటకు 1986లో ఆయన మరణించు వరకును ఖండాంతరములలో సభలు నిండినవి. ఆయన బోధలను అంగీకరించుట, మానుట వేరు. పరీక్షకు పట్టుబడని బుద్ధి యొకటి ఆయనకుండెననుట నిర్వివాదము. పరీక్ష తప్పిన ప్రతివాడును కృష్ణమూర్తి యగునని మేమనుటలేదు. పరీక్ష తప్పుట యొక్కటియే వానిని కాదని చెప్పజాలదనుచున్నాము.

ఆయన ప్రేరణచే మదనపల్లె చేరువ వెలసిన ఋషివ్యాలీ పాఠశాలవారు చుట్టుపట్ల పల్లెలలో నడుపు చిన్నబడులు మన ప్రశ్నకు కార్యరూపమున సమాధానమిచ్చుచున్నవి. అచట పాఠము నిచ్చెన మెట్లుగా, కార్డులుగా విభజింపబడియుండును. ప్రతి బిడ్డయు తన మెట్టు నుండి తన వేగముతో ఎక్కును. ఒక్కొక్క మెట్టు నొద్ద పరీక్ష గలదు, కాని అది తరువాతి కార్డును నిర్ణయించుటకే గాని, పంక్తి నుండి లేపుటకు గాదు. కర్ణాటకములో 1995లో హెచ్.డి. కోటె యొద్ద మొదలైన నలి-కలి పద్ధతికి ఇచటి నుండియే మార్గము దొరకినది. బినే కోరినది ఇదియే.

పరీక్షకు సరియైన చోటు మరియొకటి గలదు. 1984లో సికిందరాబాదులో స్థాపితమై, నేడు మేధోవైకల్యము గలవారి సాధికారతకై పనిచేయు జాతీయ సంస్థ వంటి చోట్ల, బిడ్డకు ఏ సాహాయ్యము కావలెనో తెలిసికొనుటకు ఈ కొలతను వాడుదురు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము సైతము అంకెనొక్కదానిని నమ్ముకొనలేదు. దైనందిన జీవితములో ఆ వ్యక్తి తన పనులను ఎంతవరకు చక్కబెట్టుకొనగలడో దానినిగూడ చూడవలెనన్నది. అంకె సాహాయ్యమునకు తలుపు తెరచినచో మేలు, మూసినచో కీడు.

కావున వెంకటగిరికోట ప్రాంతపు పెద్దలకు మా మనవి యిది. పిల్లలను పరీక్షలకు పంపుడు, గెలిచినచో సంతసింపుడు. తప్పినచో వాని కన్నులు సరిగా కనబడుచున్నవా, చెవులు వినబడుచున్నవా, కడుపునిండ తిని పోయినాడా, ప్రశ్న భాష వానికి తెలిసినదా యని ముందు విచారింపుడు. ఒక్క పరీక్షను బట్టి ఏ బిడ్డనైనను బడి మాన్పింపకుడు. మొద్దు అను మాటను ఇంట పలుకకుడు. ఆ మాట నమ్మిన బిడ్డ నిజముగనే ప్రయత్నము మానుకొనును. ఉపాధ్యాయులారా, మార్కుల పట్టికలో అట్టడుగున నున్న పేరునే రేపటి పాఠమునకు మొదటి పేరుగా నెంచుకొనుడు.

విత్తనమును గుప్పిట పట్టి దాని బరువును చెప్పవచ్చును. దాని పంట ఎంతయో చెప్పవలెనన్న నేలను, నీటిని, ఆ యేటి వానను, దున్నినవాని చేతిని కూడ చూడవలెనని సేద్యమెరిగిన మా పాఠకులకు మేము చెప్పవలసిన పనిలేదు.