రెండు గులాబీలు, పదహారు బల్లలు

టాడ్‌మార్డెన్ టౌన్ హాలు ముందు నిలబడి తలెత్తి చూస్తే, స్తంభాల పైన ముక్కోణపు గోడలో ఇద్దరు స్త్రీల శిల్పాలు కనిపిస్తాయి. ఒకామె లంకాషైర్, ఇంకొకామె యార్క్‌షైర్. ఒకామె చుట్టూ నూలు పని, ఇంకొకామె చుట్టూ ఉన్ని, సేద్యం, యంత్రాలు. 1875లో ఈ హాలు తెరిచేనాటికి ఆ రెండు కౌంటీలకీ సరిహద్దు దీని అడుగున పారే వాగే. వాగు మీద కప్పు వేసి, ఆ కప్పు మీదే హాలు కట్టేశారు. పై అంతస్తులోని నాట్యశాలలో జంటలు ఒక చుట్టు తిరిగేసరికి లంకాషైర్‌లోంచి యార్క్‌షైర్‌కి వెళ్లి మళ్లీ వచ్చేసేవారు. 1888 చట్టంతో గీత పక్కకి జరిగి ఊరు మొత్తం యార్క్‌షైర్ పాలైంది. పోస్టల్ కోడ్ మాత్రం ఇప్పటికీ కొండకవతల ఓల్డ్‌హామ్‌దే.

మాంచెస్టర్ విక్టోరియా స్టేషన్లో రైలెక్కితే అరగంటలో ఇక్కడ దిగొచ్చు. పెనైన్ కొండలకి పడమటి వైపు లంకాషైర్, తూర్పు వైపు యార్క్‌షైర్. ఎర్ర గులాబీ లంకాషైర్‌ది, తెల్ల గులాబీ యార్క్‌షైర్‌ది. 1455 నుంచి 1487 దాకా ఇంగ్లాండు సింహాసనం కోసం కొట్టుకున్న రెండు రాజవంశాల గుర్తులివి. నిజానికి ఆ వంశాల పేర్లే తప్ప, ఆ యుద్ధం ఈ రెండు కౌంటీల మధ్య జరిగింది కాదు. ఆ సంగతి ఎవరికి కావాలి? క్రికెట్‌లో ఈ రెండు జట్లూ తలపడితే దాన్ని నేటికీ గులాబీల మ్యాచ్ అనే అంటారు. క్రికెట్ గురించి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. అదే పౌరుషంతో, టిక్కెట్లూ చప్పట్లూ లేకుండా, శనివారం మధ్యాహ్నాలు ఈ కొండ ప్రాంతాల హాళ్లలో ఇంకో ఆట సాగుతుంటుంది. పదహారు బల్లలు, ముప్ఫై రెండు కుర్చీలు, పదహారు గడియారాలు. కౌంటీ చదరంగం.

ఈ మిల్లు ఊళ్లకి చదరంగం పిచ్చి పాతది. మాంచెస్టర్ క్లబ్బు 1817లోనూ, లివర్‌పూల్ క్లబ్బు 1837లోనూ పుట్టాయి. యార్క్‌షైర్ ఊళ్ల ఆటగాళ్లు 1841లో లీడ్స్‌లో తొలిసారి కూడారు. సరిగ్గా అదే ఏడాది ఈ కొండల్ని తొలిచి, రెండున్నర కిలోమీటర్లకి పైగా పొడవైన సమ్మిట్ సొరంగం గుండా మాంచెస్టర్, లీడ్స్ మధ్య రైలు నడిచింది. ఈ రెండూ ఒకే ఏడాది జరగడం యాదృచ్ఛికమే కావచ్చు. కానీ ఆ రైలే లేకపోతే పొద్దున బయల్దేరి, పక్క కౌంటీలో ఆడి, రాత్రికి ఇల్లు చేరడమన్న మాటే ఉండేది కాదు.

అంతకుముందు ఊరికీ ఊరికీ మధ్య ఆటంటే ఉత్తరాల మీదే. లండన్, ఎడిన్‌బరో క్లబ్బులు 1824 నుంచి 1828 దాకా అలాగే ఆడాయి. అందులో మనవాళ్లేమీ వెనకబడిలేరు. మద్రాసుకీ హైదరాబాదుకీ మధ్య అప్పట్లోనే రెండు ఆటల పోటీ జరిగింది. ఆ ఆటల మీద వ్యాఖ్యతో 1829లో మద్రాసులో పుస్తకం అచ్చయింది. మద్రాసు పక్షాన ఎత్తులు నడిపించిన గులాం కాసిం, కంపెనీ ఉద్యోగి జేమ్స్ కోక్రేన్ దాని రచయితలు. అంటే లీడ్స్ వాళ్లు సమావేశం పెట్టుకోవడానికి పన్నెండేళ్ల ముందే హైదరాబాదు పక్క ఊరితో, అదీ వందల మైళ్ల అవతలి పక్క ఊరితో, ఆడేసిందన్నమాట.

హడర్స్‌ఫీల్డ్ అనే ఉన్ని ఊళ్లో ఒక కాలేజీ పత్రిక ఉండేది. అందులో జాన్ వాట్కిన్సన్ నడిపిన చదరంగం శీర్షిక పెరిగి పెద్దదై 1881లో 'బ్రిటిష్ చెస్ మ్యాగజైన్' అయింది. ఆ పత్రిక ఇప్పటికీ వస్తోంది. యార్క్‌షైర్ క్లబ్బుల మధ్య వుడ్‌హౌస్ కప్పు 1885లో మొదలైంది. అదీ ఇంకా నడుస్తోంది. ఈ ప్రాంతంలో దేన్నీ అంత తేలిగ్గా మూసెయ్యరు, మిల్లుల్ని తప్ప.

గులాబీల పట్టింపు ఎంతున్నా, ఆటగాళ్లు మాత్రం గీత దాటుతూనే వచ్చారు. ప్రపంచ స్థాయిలో ఆడిన ఏమస్ బర్న్ 1848లో యార్క్‌షైర్‌లోని హల్ రేవులో పుట్టాడు. పదహారేళ్ల వయసులో పనికోసం లివర్‌పూల్ చేరి, పత్తి, పంచదార వ్యాపారాల్లో స్థిరపడి, లంకాషైర్ మనిషిగానే పేరు మోశాడు. ఆరుసార్లు బ్రిటిష్ ఛాంపియన్ అయిన ఫ్రెడ్ యేట్స్‌ది యార్క్‌షైర్‌లోని బర్‌స్టాల్. 1923లో కార్ల్స్‌బాద్‌లో అలెఖైన్‌ని ఓడించి అందమైన ఆటకి బహుమతి కొట్టిన యేట్స్, చదరంగం శీర్షిక రాసింది మాత్రం కొండకవతలి మాంచెస్టర్ గార్డియన్‌కి. 1932లో లండన్‌లో తన గదిలో గ్యాసు లీకై నిద్రలోనే పోయాడు. తొమ్మిదిసార్లు బ్రిటిష్ ఛాంపియన్ హెన్రీ అట్కిన్స్ ఈ రెండు కౌంటీలవాడూ కాదు, లెస్టర్‌లో పుట్టాడు. హడర్స్‌ఫీల్డ్‌లో బడిపంతులుగా బతికి అక్కడే కన్నుమూశాడు. బర్న్‌కీ, అట్కిన్స్‌కీ చదరంగమొక్కటే కూడు పెట్టలేదు.

ఇంతకీ ఈ కౌంటీలు ఎక్కడున్నాయి? 1974 ఏప్రిల్ 1న ప్రభుత్వం పాత హద్దుల్ని చెరిపేసింది. యార్క్‌షైర్‌లోని 'రైడింగు'లనే మూడు పాత విభాగాలు పోయాయి. సాడిల్‌వర్త్ పల్లెలు గ్రేటర్ మాంచెస్టర్‌లో కలిశాయి, బార్నొల్డ్స్‌విక్ లంకాషైర్‌కి పోయింది. పరిపాలన లెక్కలో యార్క్‌షైర్ అనే ఏక కౌంటీ ఈనాడు లేదు. ఉత్తర, దక్షిణ, పశ్చిమ యార్క్‌షైర్లున్నాయి, ఈస్ట్ రైడింగ్ అన్న పేరు మళ్లీ వచ్చింది. చదరంగం బల్ల దగ్గర మాత్రం యార్క్‌షైర్ ముక్కలవలేదు, ఒకటే జట్టు. గ్రేటర్ మాంచెస్టర్ వేరే జట్టుగా దిగుతుంది. చెషైర్ అయితే నార్త్ వేల్స్‌ని కూడా కలుపుకుని ఆడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 13 జిల్లాలు 26 అయ్యాక కూడా ఏలూరు మనిషి తనది 'వెస్ట్ గోదావరి' అనే చెప్పుకోవడం విన్నవాళ్లకి ఈ వ్యవహారం వింతగా తోచదు. పాత జిల్లా కలెక్టరేటులో పోయినా జట్టులో బతుకుతుంది. నన్నడిగితే ఈ మ్యాచ్‌లు ఇంకా జరగడానికి అసలు కారణం అదే. చదరంగం ఇంట్లో ఫోను మీద కూడా ఆడుకోవచ్చు. యార్క్‌షైర్ తరఫున ఆడాలంటే మాత్రం కారెక్కాలి.

ఎక్కించాల్సింది క్యాప్టెన్. జీతం లేదు, తిట్లు ఉంటాయి. శనివారం మ్యాచ్ అంటే సోమవారం నుంచే ఫోన్లు. ఒకరికి మనవరాలి పుట్టినరోజు, ఇంకొకరికి నడుంనొప్పి, మరొకరు వస్తానంటారు గానీ పక్క ఊరి వాళ్లెవరైనా కార్లో ఎక్కించుకోవాలి. పదహారు మందిని పోగేసి, బలాన్ని బట్టి ఒకటో బోర్డు నుంచి పదహారో బోర్డు దాకా వరసలో పెట్టాలి. ఒక్కడు రాకపోయినా ఆ బల్ల మీద ఎదుటివాడు కూర్చున్నచోటే పాయింటు పట్టుకుపోతాడు. శీతాకాలం ఇంకో బెంగ ఉంటుంది. రెండు కౌంటీల్నీ కలిపే ఎం62 మోటారు రోడ్డు పెనైన్ల మీద 372 మీటర్ల ఎత్తుకి ఎక్కుతుంది. ఇంగ్లాండులో అంత ఎత్తున పోయే మోటారు రోడ్డు ఇంకోటి లేదు. మంచు పడితే సగం జట్టు అక్కడే ఆగిపోతుంది.

హాల్లో అడుగుపెడితే మొదట తగిలేది టీ వాసన. గోడ పక్కన పెద్ద టీ బాయిలరు, ప్లేట్లో బిస్కట్లు. తెల్ల పావులు ఒక బోర్డులో వీళ్లకి, పక్క బోర్డులో వాళ్లకి. చేతులు కలుపుకుని గడియారం నొక్కితే ఇక మాటల్లేవు. నాలుగు గంటలు గడిచినా కొన్ని బల్లలు తేలవు. వెనకటికి రైలు టైమైపోతే మిగిలిన ఆటల్ని ఉన్నవున్నట్టు కాగితం మీద రాసి, పేరున్న మాస్టరుకి పంపి తీర్పు చెప్పించుకునేవారు. ఇప్పుడా బాధ లేదు. డిజిటల్ గడియారం ఎంత మొండి ఆటనైనా ఆ సాయంత్రమే తేల్చేస్తుంది.

చూడ్డానికి పోయేవాళ్లకి నాదొక సలహా. అందరూ ఒకటో బోర్డు చుట్టూ గుమిగూడతారు, మీరు చివరి నాలుగు బల్లల దగ్గర నిలబడండి. నేను పోయిన ఒక శనివారం పదిహేనో బోర్డులో డెబ్బై దాటిన పెద్దాయన ఒకవైపు, పదకొండేళ్ల పిల్ల ఇంకోవైపు. చెరో ఏనుగు, పిల్లకి ఒక బంటు ఎక్కువ. పెద్దాయన రాజుని ఆ బంటుకి అడ్డంగా తెచ్చి కూర్చోబెట్టాడు. పిల్ల కుర్చీ మీద మోకాళ్లు మడిచి కూర్చుని, ఎత్తు వేసిన ప్రతిసారీ కాగితం మీద రాసి, పెన్ను మూత పెట్టి, మళ్లీ తీస్తోంది. పెద్దాయన డ్రా అడిగాడు. పిల్ల లేచి క్యాప్టెన్ దగ్గరకి నడిచింది. ఒప్పుకోవాలో వద్దో అడగొచ్చు, క్యాప్టెన్ చెప్పొచ్చు. బోర్డు మీద పరిస్థితి గురించి మాత్రం ఒక్క ముక్క మాట్లాడకూడదు. తిరిగొచ్చి ఇంకో ఇరవై ఎత్తులు లాగి, అప్పుడు తనే చెయ్యి చాపింది. నడవాలో తండ్రి కాచుక్కూర్చున్నాడు. లీడ్స్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, సొంతూరు గుంటూరు.

"ఏమ్మా, గెలిచావా?"

"డ్రా నాన్నా. ఆయన ముందే అడిగారు, నేనే ఒప్పుకోలేదు."

"మరి క్యాప్టెన్ గారు ఏమన్నారు?"

"నీ ఇష్టం అన్నారు."

పెద్దాయన బయటికొచ్చి ఆ తండ్రితో, మీ అమ్మాయి నన్ను చంపేసింది అంటూ నవ్వాడు. తను పాత లెక్కలో 150 వాణ్నని చెప్పుకున్నాడు. 2020 దాకా ఇక్కడ ఆటగాళ్ల రేటింగు మూడంకెల్లో ఉండేది. ఇప్పుడు నాలుగంకెలు, ఆ 150ని 1825గా మార్చారు. పాతతరం ఇంకా పాత నాణేల్లోనే బేరమాడుతోంది. పిల్ల మాత్రం లీడ్స్‌లో పుట్టింది కాబట్టి నిక్కమైన యార్క్‌షైర్‌ది. ఆ కౌంటీలో పుట్టినవాడే ఆడాలని క్రికెట్ జట్టు మడికట్టుకుని కూర్చుంది, 1992లో సచిన్ టెండూల్కర్‌ని తెచ్చుకునేదాకా. చదరంగానికి అంత పట్టుదల ఎప్పుడూ లేదు. పుట్టినా సరే, వచ్చి ఉంటున్నా సరే.

గెలవాలంటే ఎనిమిదిన్నర పాయింట్లు కావాలి. ఎనిమిదీ ఎనిమిదైతేనే తమాషా. లీగు మ్యాచ్‌లో అయితే చెరిసగం పంచుకుని ఇంటికి పోతారు. నాకౌట్‌లో అలా కుదరదు కనుక గెలిచిన బోర్డుల అంకెలు కూడతారు, తక్కువ వచ్చినవాళ్లది మ్యాచ్. ఒకటి నుంచి పదహారు దాకా మొత్తం 136, అందులో సగం 68. డ్రా అయిన బోర్డు అంకెని ఇద్దరికీ సగం సగం పంచుతారు. అంటే ఒకటో బోర్డులో గెలుపు బంగారం, పదహారో బోర్డులో గెలిస్తే పదహారు మోసుకొచ్చినట్టు. 68, 68 దగ్గరే ఆగిపోతే ఏకంగా పదహారో బోర్డు ఫలితాన్నే తీసిపారేసి మళ్లీ లెక్క కడతారు. పై బోర్డుల వాళ్లు ఇది న్యాయమేనంటారు. నాకు మాత్రం మింగుడుపడదు. మంచులో కొండ దాటొచ్చి అందరితో సమానంగా నాలుగు గంటలు కూర్చున్న మనిషి ఆట అది. దాన్ని కొట్టేసే బదులు నాణెం ఎగరేసినా పోయేదేముంది?